ఇన్ని చేతులుండగా

కిందటి వారం గుండీని మెట్ల మధ్యలో వదిలేసి మన దారిన మనం పోయాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉంది పిల్ల. చంకలో జిరాక్సు కాగితాల కట్ట, కళ్ళల్లో నీళ్ళు, ముక్కు మీద కోపం. మెట్ల పైన ఉన్నది కాజాల గది. చొక్కాలకు కాజాలు కుట్టి, గుండీలు పెట్టే చోటు. ఆమెకు గుండీ అని పేరు పెట్టింది కూడా ఆ గదే. పాకే వయసులో ఆ పొడుగు బల్ల కింద తిరుగుతూ రాలిపడిన గుండీలన్నీ ఏరి, దాచుకోగలిగినవి గుప్పిట్లో, దాచుకోలేనివి నోట్లో పెట్టుకునేదట.

ఇప్పుడా గుండీ పెద్ద చదువు చదువుతోంది. పాత నవలల్లో కూలీలను, కార్మికులను, వాళ్ళ రెక్కల కష్టం మీద మేడలు కట్టుకున్నవాళ్ళను రచయితలు ఎలా చూపించారన్నది ఆమె పరిశోధన. అందుకు తీసుకున్న నవలలకు అచ్చులో మంచి పేర్లే ఉన్నాయి కాని, కాజాల గదిలో మాత్రం వాటిని మిల్లు పుస్తకం, గని పుస్తకం, తోట పుస్తకం అంటారు. మనమూ అలాగే అందాం. గని పుస్తకం మీద రాసిన వ్యాసం ఇప్పటికే ఒక పత్రికలో వచ్చేసింది. కూలిన గనిలో చిక్కుకున్నవాళ్ళు చివరికి ఒక్కొక్కరే వెలుగులోకి వచ్చే ఘట్టం గురించి గుండీ రాసింది చదివి, ఆమె గైడు మేడమ్ మురిసిపోయి ముందుమాట కూడా రాశారు. ఆ నవల ప్రతి మాత్రం మేడమ్‌కు ఎంత వెతికినా దొరకలేదు. మిల్లు పుస్తకం దొరికింది. కొంప మునిగింది అక్కడే.

"ఈ వాక్యం ఎక్కడుందమ్మా?" అని అడిగారు మేడమ్.

"చివరి పేజీలో మేడమ్."

"చివరి పేజీ నా చేతిలోనే ఉంది. ఇందులో లేదు."

అది మామూలు వాక్యమైతే పోనీ అనుకోవచ్చు. 'ఇన్ని చేతులుండగా పసిచేతులెందుకు?' గుండీ తన పరిశోధనకు పెట్టుకున్న పేరే 'ఇన్ని చేతులుండగా'. దూది ధూళి మింగి మింగి మిల్లులో ఒక తల్లి జబ్బుపడుతుంది. బదులుగా ఆమె చిన్న కూతుర్ని పంపమంటాడు యజమాని. అప్పుడు తోటి ఆడవాళ్ళు యంత్రాలు ఆపి, అడ్డం నిలబడి అనే మాట అది. తల్లి పనిని తలా కాస్త పంచుకుంటారు, పిల్ల బడికి వెళుతుంది. గుండీకి తెలిసిన కథ ఇదీ. అచ్చులో ఉన్నది వేరు. తల్లి చచ్చిపోతుంది. మర్నాడు పొద్దున ఆమె చోట కూతురు నిలబడుతుంది. మనిషి మారిందని కూడా ఎవరూ గమనించరు. యంత్రం ఆగదు.

"నువ్వు కావాలని చేశావని నేననుకోను. కమిటీ అలా అనుకోదు," అన్నారు మేడమ్. "లేని మాట పుట్టించి రాసిందంటారు. ఇన్నేళ్ళ నీ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. సోమవారంలోపు ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుని నాకు చెప్పు. నువ్వెప్పుడూ చెప్పే ఆ కాజాల గది ఎక్కడుందో కూడా చెప్పు. వీలుంటే నేనూ వస్తాను."

ఎక్కణ్ణుంచి వచ్చిందో గుండీ తెలుసుకోనక్కర్లేదు. పెద్దమ్మ నోట్లోంచి వచ్చింది. అందుకే మేడమ్‌కు గది గుర్తులు చెప్పేసి ఆ మెట్లెక్కుతోంది. రండి, మనమూ ఎక్కుదాం.

అయితే తలుపు తోసే ముందు ఆ గది పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ యంత్రాల చప్పుడు ఉండదు. సూది, దారం, వేళ్ళు తప్ప మరేమీ కదలవు. కాబట్టి ఒకరు పుస్తకం చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ కుడతారు. చదివే మనిషి కుట్టలేదు కనుక, ఆమె కుప్పలోని చొక్కాలను తలా కాసిని తమ కుప్పల్లో వేసుకుంటారు. దాన్ని 'చదువు వాటా' అంటారు. ఇందుకు ప్రతిగా చదివే మనిషికి ఉన్న కట్టుబాటు ఒక్కటే, కథ ముందుగా చదివేసుకుని రాకూడదు. ఏడ్చినా నవ్వినా అందరితో పాటే. వండుతూ వండుతూ కూర సగం రుచి చూసేసిన మనిషిలా ముందే కథ తినేసి వచ్చినదాన్ని ఆ గది క్షమించదు.

పెద్దమ్మ, అంటే గుండీ అమ్మకు సొంత అక్క, ఎప్పటినుంచో అక్కడ చదివే మనిషి. గదిలో ఉన్న మిల్లు పుస్తకానికి చివరి ఆకులు లేవు. ఎన్నో చేతులు మారిన పుస్తకం కదా, ఊడిపోయాయి కాబోలనుకుంది గుండీ. ఊడితే ఊడాయి, ముగింపు కంఠతా వచ్చు కదా! ఏటా ఆ పుస్తకం మళ్ళీ చదవమని గది అడిగేది, ఏటా పెద్దమ్మ ఆ చివరి మాటలు చూడకుండానే అప్పజెప్పేది. సొంత అమ్మ మొహాన్ని ఫొటోతో ఎవరు సరిచూసుకుంటారు? గుండీ కూడా సరిచూసుకోలేదు. తప్పే, కాదనడం లేదు. కాని ఆ గదిలో పెరగని ఏ విద్యార్థీ చేయలేని తప్పు.

గుండీ తలుపు తోసేసరికి పెద్దమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తోట పుస్తకం చదువుతోంది. ఎంత కోపంలో ఉన్నా పేరా మధ్యలో నోరెత్తకూడదని ఆ పిల్ల ఒంటికే తెలుసు. గుమ్మంలో నిలబడి పళ్ళు కొరుక్కుంటూ పేరా అయ్యేదాకా ఆగింది. పెద్దమ్మ వేలు పెట్టి పుస్తకం మూసి, "వచ్చావా? తిన్నావా? మొహం అలా ఉందేంటే?" అంది. బల్ల చివర గుండీలు పెడుతున్న అమ్మ తలెత్తి కూతుర్ని చూసి, చేతిలో సూదిని జాకెట్టు చేతికి గుచ్చుకుంది.

గుండీ కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద, పడేసింది.

"మిల్లు పుస్తకం. పూర్తి ప్రతి. చివరి పేజీలు చదువు పెద్దమ్మా."

పెద్దమ్మ వాటి వైపు కూడా చూడలేదు. "చదివాను."

"ఎప్పుడు?"

"నువ్వు పలక పట్టుకుని బడికెళ్ళే రోజుల్లో."

బల్ల చుట్టూ సూదులు ఆగాయి.

"అంటే తెలిసే మార్చావా?"

"చచ్చినదాన్ని బతికించాను. బతికున్నదాన్ని చంపితే పోలీసులొస్తారు కాని, ఇదెక్కడి గోలే? నామీద కేసు పెడతావా ఏంటి?"

కిసుక్కుమని నవ్వు వినబడింది. నవ్వులత్త, ఇంకెవరు? గుండీ నాన్నకు చెల్లెలు. గదిలో అందరికంటే చురుగ్గా కుట్టేదీ ఆమే, నవ్వకూడని చోటల్లా నవ్వేదీ ఆమే.

"నవ్వకత్తా!" అంది గుండీ. "ఆ మాటే నా పరిశోధనకి పేరు. ఆ మాట పుస్తకంలో లేదు. సోమవారం నాటికి నేను దీనికి జవాబు చెప్పకపోతే దొంగరాతలు రాసిందని బయటికి పంపేస్తారు. పాఠాలు చెప్పే ఉద్యోగం మాట అటుంచు, నేను రాసిందేదీ ఇంకెవరూ నమ్మరు."

పెద్దమ్మ మొహంలో ఎకసెక్కం పోయింది. "అయ్యో! మరి నువ్వు పుస్తకం చూసి రాయొద్దూ?"

"పుస్తకంలో చివరి పేజీలు లేవు కదా! నీ నోరే చివరి పేజీ అనుకున్నాను."

గుండీ అక్కడితో ఆగలేదు. "అదొక్కటే కాదు పెద్దమ్మా. ఆ పుస్తకం రాసినాయన ఎంత కడుపుమంటతో రాశాడో తెలుసా? చదివినవాళ్ళకి నిద్ర పట్టకూడదని రాశాడు. ఒక పిల్ల తల్లి చోట నిలబడితే ఆ ఊళ్ళో ఒక్కళ్ళు కూడా అయ్యో అనలేదని రాశాడు. నువ్వు ఆ అన్యాయాన్ని తుడిచేశావు. బాధ తీసేస్తే చదివేవాళ్ళకి కోపమెక్కణ్ణుంచి వస్తుంది?"

ఇది గుండీ పుస్తకాల్లోంచి తెచ్చిన మాట కాదు, లోపల్నుంచి వచ్చిన మాట. పెద్దమ్మ దాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

"నువ్వన్నది నిజమే," అంది నెమ్మదిగా. "ఆయన అబద్ధం రాశాడని నేనూ అనను. నిజమే రాశాడు. ఆ నిజం ఆ రోజు ఈ బల్ల దగ్గరే కూర్చుని ఉందే తల్లీ. దాని మొహం చూస్తూ చదవడానికి నాకు నోరు రాలేదు." అంటూ చెల్లెలి వైపు చూసింది. అమ్మ తల వంచుకుని బల్ల మీద దారప్పోగులు ఏరుతోంది.

"మీ నాన్న పోయిన ఏడాది అది. మీ అమ్మకి దగ్గు. మామూలు దగ్గు కాదు, సూదిలో దారం ఎక్కించే లోపల రెండుసార్లు దగ్గేది. దాని కుప్ప తరగడం లేదు. మేస్త్రీ వచ్చి చూశాడు. నీ కూతురివి సన్న వేళ్ళు, కాజాలకి బాగా పనికొస్తాయి, వచ్చే వారం నుంచి పక్కన కూర్చోబెట్టుకో, లేదంటే నువ్వూ రావద్దు అన్నాడు. మీ అమ్మ సరేనంది. ఏం చేస్తుంది మరి? నీ చేతికి సరిపోయే చిన్న సూది కూడా కొనుక్కొచ్చింది."

గుండీకి ఆ సూది గుర్తుంది. ఆటవస్తువనుకుంది అప్పట్లో.

"అప్పుడే మిల్లు పుస్తకం చివరికొచ్చింది. కష్టమైన మాటలున్నాయి, తడుముకుంటే బాగుండదని కట్టుబాటు తప్పి ముందు రోజు ఇంటికి పట్టుకెళ్ళాను. చదివాను. తల్లి, దగ్గు, కూతురు. మా చెల్లెల్ని ఎవరో ముందే చూసి రాసినట్టుంది. ఆ ఆకులు చింపి పొయ్యిలో పెట్టాను. ఆ మంట మీదే టీ కాచాను. ఆ టీ మీ అమ్మే తాగింది. బాగుందని కూడా అంది."

నవ్వులత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మర్నాడు ఇక్కడ కూర్చుని ఖాళీ అట్ట వైపు చూస్తూ చదివాను. చెమటలు పట్టేశాయనుకో. ఏం చెబుతున్నానో నాకే తెలీదు. మిల్లు ఆపించాను, ఆడవాళ్ళందర్నీ బయటికి తెచ్చాను, నిలబెట్టాను. ఇక వాళ్ళేమనాలి? అప్పుడొచ్చింది నోట్లోంచి, ఇన్ని చేతులుండగా పసిచేతులెందుకు అని. అనేసి తలెత్తాను. అప్పుడు ఈ నవ్వులమారి ఉందే, ఇది చెయ్యి చాపింది. చాపి మీ అమ్మ కుప్పలోంచి చొక్కాలు కాసిని లాగి తన కుప్పలో వేసుకుంది. దాన్ని చూసి పక్కామె. తర్వాత ఆ పక్కామె. చదువు వాటా తీసుకుంటారు చూడు, అచ్చం అలాగే. వారం తర్వాత మేస్త్రీ వచ్చేసరికి అందరికంటే ముందు ఖాళీ అయింది మీ అమ్మ కుప్పే. ఇంకేమంటాడు? నోరు మూసుకుని మెట్లు దిగాడు. దగ్గు తగ్గేదాకా అలాగే నడిచింది. నువ్వు బడికెళ్ళావు."

గుండీ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. ఎప్పుడు చూసినా అమ్మ కుప్పే చిన్నది. మా అమ్మంత గబగబా ఈ లోకంలో ఎవరూ కుట్టలేరని బళ్ళో గొప్పలు పోయేది. ఇంత చదువూ చదివి, ఎవరి కష్టం ఎవరు తిన్నారో పుస్తకాల నిండా వెతికి, తన కష్టం ఎవరెవరు పంచుకున్నారో ఒక్కసారీ అడగలేదు. ఆమె కోపం ఎప్పుడు కరిగిపోయిందో ఆమెకే తెలియలేదు.

"అక్కా," అంది అమ్మ, ఇంతసేపటికి మొదటిసారి. "నువ్వొక సంగతి గమనించలేదు."

"ఏంటది?"

"ఆ రోజు నువ్వు పేజీ తిప్పలేదు."

నవ్వులత్త ఇక ఆపుకోలేకపోయింది. "అవును వదినా! మిల్లు ఆగింది, ఆడవాళ్ళందరూ బయటికొచ్చారు, యజమాని కాళ్ళబేరానికొచ్చాడు, పిల్ల బడికెళ్ళింది. ఒక్క పేజీ తిప్పితే ఒట్టు! అంత కథ అక్కడే పట్టడానికి అవేమన్నా చీమ తలకాయలంత అక్షరాలా?"

"మీ అందరికీ తెలుసా?" అంది పెద్దమ్మ.

బల్ల చుట్టూ తలలన్నీ ఊగాయి. ఇన్నేళ్ళూ గదిని మాయ చేశాననుకున్న మనిషిని గది ఇన్నేళ్ళూ మాయ చేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా?

"కట్టుకథ అని తెలిసి కూడా చొక్కాలు ఎందుకు తీసుకున్నావత్తా?" అంది గుండీ.

నవ్వులత్త నవ్వు ఆపింది. అది ఎప్పుడో గాని జరగదు. "మేం పుస్తకం మాట విని చేశామా ఏంటి? చదివేవాళ్ళ వాటా రోజూ పంచుకునేవాళ్ళమే. చేతకాక కూర్చున్న మనిషి వాటా కూడా పంచుకోవచ్చని ఆ రోజు దాకా ఎవరికీ తోచలేదు, అంతే. మీ పెద్దమ్మ చెబితే తోచింది. తోచాక ఊరుకుంటామా?"

"నోరు తెరిచి సాయం అడగడం నాకు చేతకాదే," అంది అమ్మ. "అక్క నా బదులు అడిగింది. ఆ సాయంత్రమే నీ సూది తెచ్చి ఇందులో గుచ్చేశాను." బల్ల మధ్యలో అందరి సూదులూ ఉండే దిండును కూతురి వైపు జరిపింది. అన్నీ వాడి వాడి అరిగిన సూదులు. ఒక మూల చిన్నది ఒకటి, వాడని సూది, తళతళమంటోంది.

గుండీ దాన్ని తీయలేదు, వేలి కొసతో తాకి వదిలేసింది. థ్యాంక్స్ చెబుదామనుకుంది కాని, అందుకు ఆ మాట సరిపోదనిపించింది. బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంది. సూదిపోట్లతో గట్టిపడిన వేళ్ళు. ఒకామె సిగ్గుపడి చెయ్యి వెనక్కి లాక్కుంది, ఇంకొకామె "పోవే, పని చెడగొట్టకు" అంటూనే ఆ చేతిని గట్టిగా నొక్కింది. చివరికి పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి గుండీ ఆమె భుజంలో మొహం దాచుకుని ఏడ్చేసింది. బాధతో కాదు. అంత మంది మనుషులు ఒక పిల్ల కోసం మాటా పలుకూ లేకుండా చేతులు చాపిన మధ్యాహ్నం ఒకటి తన వెనక ఉందని తెలిసి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని వచ్చి బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుంది. పెద్దమ్మ కుప్పలోంచి ఒక చొక్కా లాక్కుని, సూదిలో దారం ఎక్కించి, గుండీ పెట్టడం మొదలుపెట్టింది. దారం చిక్కుపడింది.

"దీనికి గుండీ అని పేరు, గుండీ కుట్టడం రాదు!" అంది నవ్వులత్త.

"నేర్చుకోనిచ్చారా మీరు?" అంది గుండీ.

ఆ మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"సోమవారం ఏం చేస్తావే?" అని అడిగింది అమ్మ.

"ఉన్నదున్నట్టు చెబుతాను. రెండు ముగింపులూ రాస్తాను. ఆయన రాసినది, మీరు చేసినది. ఆయన రాసినదాంట్లో కోపం ఉంది. మీరు చేసినదాంట్లో నేనున్నాను. ఒప్పుకుంటారో లేదో తెలీదమ్మా. పరిశోధనకి పేరు మాత్రం మార్చను."

గదంతా తేలికపడింది. మళ్ళీ సూదులు కదిలాయి. ఎవరో టీకి నీళ్ళు పెట్టారు. ఇక్కడితో ఆగి ఉంటే ఈ వారానికి మనమందరం హాయిగా నిద్రపోయేవాళ్ళమే. కాని నవ్వులత్త నోరు ఊరుకోదు కదా.

"పనిలో పని, ఆ గని పుస్తకం సంగతి కూడా ఇప్పుడే చెప్పెయ్ వదినా."

పెద్దమ్మ కళ్ళజోడు తుడవడం ఆపేసింది. అమ్మ గబుక్కున నవ్వులత్త మోచేతిని పొడిచింది. గుండీ వేలికి సూది చుర్రున గుచ్చుకుంది.

"గని పుస్తకం సంగతేంటి?"

పెద్దమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. ఆమె ఒళ్ళో మూసి ఉన్న తోట పుస్తకం కూడా ఆ క్షణంలో గుండీకి అనుమానంగానే కనిపించింది.

"పెద్దమ్మా! అందులోనైనా పేజీ తిప్పావా?"

అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో ఆయాసంతో ఊపిరి పీల్చిన చప్పుడైంది. అందరూ అటు తిరిగారు. మెట్లెక్కి వచ్చిన మేడమ్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో ఏమో, కళ్ళు తడిగా ఉన్నాయి. ఆమె గుండీని చూడలేదు. తన ముందుమాట సంగతి గాని పత్రిక సంగతి గాని ఎత్తలేదు. నేరుగా పెద్దమ్మ కుర్చీ దగ్గరికి నడిచి, తరగతిలో వెనక బెంచీ పిల్ల అడిగినట్టు అడిగారు.

"గనిలో చిక్కుకున్నవాళ్ళు బయటికొచ్చారు కదండీ?"